పరగడుపున ఒక చెంచా

మా ఊళ్ళో ఒక మనిషిని టీతో చంపబోయారంటే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. వియత్నాంలో టీ తోటలకు పేరుపడ్డ మా థాయ్ న్గుయెన్‌లో బిడ్డలకు తల్లిపాలు మాన్పించేది టీతోనే అని బయటివాళ్ళు మమ్మల్ని ఎగతాళి చేస్తుంటారు. అందుకే డాక్టర్ థాక్ వ్యవహారం నా బల్ల మీదికి వచ్చినప్పుడు మా స్టేషన్లో ఎవరూ దాన్ని కేసు అనుకోలేదు.

జరిగింది ఇది. కాలేయ క్యాన్సర్ మీద పరిశోధన చేసే డాక్టర్ థాక్ గురువారం తెల్లవారాక తన ఇంటి వరండాలో, టీ బల్ల పక్కన ఒరిగిపోయి కనిపించాడు. ఆస్పత్రికి చేర్చేసరికి ఒళ్ళంతా పసుపు రంగు తిరిగింది. కాలేయం దాదాపు పని మానేసింది. ఇవాళ శనివారం, ఇప్పటికీ తెలివి రాలేదు. రక్తం పరీక్ష చేస్తే ఆయన ఏళ్ళ తరబడి ఎలుకల మీద ప్రయోగిస్తున్న పదార్థమే, మా టీ ఆకులోంచి తీసే తెల్లటి పొడే, ఒంట్లో విపరీతంగా కనిపించింది.

ఆ పొడి గురించి ఊళ్ళో పుట్టిన పుకార్లకు లెక్క లేదు. నిజం మాత్రం చిన్నది. ఎలుకల కాలేయంలో పుట్టిన గడ్డ ఊపిరితిత్తులకు పాకడాన్ని అది కొంత నెమ్మది చేసింది. అంతే. గడ్డను కరిగించలేదు, ఎవరికీ నయం చేయలేదు. అయినా వచ్చే సోమవారం మొదటిసారిగా ఇరవైమంది రోగులకు దాన్ని గుళికల్లో ఇచ్చి చూడబోతున్నారు. ఆ ఇరవైమందిలో మా అన్నయ్య హోయ్ ఒకడు.

ఈ సంగతి మా పై అధికారికి ముందే చెప్పాను. కేసు ఇంకెవరికైనా ఇవ్వమన్నాను. ఆయన నా మొహం చూసి, "ఆ ఇరవైమందిలో తనవాళ్ళెవరూ లేని పోలీసుని ఈ ఊళ్ళో వెతికి పట్టుకురా లువా, వాడికే ఇస్తాను" అన్నాడు. మా ప్రాంతంలో కాలేయం జబ్బు తొక్కని గడప లేదు. కాబట్టి కేసు నాకే మిగిలింది.

దానితోపాటు మేజర్ బాంగ్ కూడా మిగిలాడు. ఆయన్ని హనోయ్‌లోని పోలీసు ప్రధాన కార్యాలయం పంపింది. ఇస్త్రీ చెదరని చొక్కా, తడుముకోని మాట. నిన్న సాయంత్రం దిగాడు. ఇవాళ మధ్యాహ్నానికి నివేదిక పంపుతానని వచ్చీ రాగానే చెప్పాడు. దర్యాప్తు మొదలెట్టకముందే నివేదికకు వేళ పెట్టుకున్న మనిషిని నేను నా ఉద్యోగంలో ఆయన్నే చూశాను.

*

పొద్దున్నే పరిశోధనాలయానికి వెళ్ళాను. థాక్ దగ్గర పనిచేసే మియెన్ గాజు గొట్టాలు కడుగుతోంది. ముప్పై దాటి ఉండవు. సముద్రం వైపు జిల్లా నుంచి వచ్చిన పిల్ల. మోచేతుల దాకా సబ్బు నురుగే.

"పొడి ఎక్కడ పెడతారు?" అని అడిగాను.

"చల్లగదిలో. తాళమేసి."

"తాళంచెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి డాక్టరు గారి దగ్గర."

"డబ్బా నిండుగానే ఉందా?"

"ఉందండి." గొట్టం మీంచి చూపు తిప్పలేదు.

"నేను వెళ్ళి మూత తీసినా నిండుగానే ఉంటుందా?"

కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకోవడానికి చాలాసేపు తీసుకుంది.

"సగం లేదు" అంది.

"ఎప్పట్నుంచి?"

"నేను చూసింది మంగళవారం. అంతకుముందు నుంచే పోతోందేమో తెలీదు."

"ఎవరికి చెప్పావ్?"

"ఎవరికీ చెప్పలా. చెప్తే సోమవారం ఆగిపోతుంది. మళ్ళీ అనుమతులకి రెండేళ్ళు. మందు కోసం గేటు బయట కూచునే రోగుల్లో రెండేళ్ళు ఆగేవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీరే చూడండక్కా."

"నీ తాళంచెవి, నీ గది, నీ డబ్బా. పైగా దాచిపెట్టావు. నా బదులు ఆ హనోయ్ ఆయన వచ్చుంటే ఈపాటికి బేడీలు వేసేవాడు."

"వెయ్యమనండి. చేతులు కడిగే ఉన్నాయి."

ఆ పిల్ల నాకు నచ్చింది. నచ్చినంత మాత్రాన అనుమానం తగ్గించుకునే అలవాటు నాకు లేదు. అందుకని అడగడం ఆపలేదు.

"ఇది విషమా మందా? తేల్చి చెప్పు."

"రెండూ కాదు. కడుపు నిండా తిన్నాక కొంచెం తీసుకుంటే ఒళ్ళు తట్టుకుంటుంది. అదే ఖాళీ కడుపున తీసుకుంటే రక్తంలోకి చాలా ఎక్కువ ఎక్కేస్తుంది. రోజూ అలా ఎక్కితే ఏ కాలేయాన్ని కాపాడదామనుకున్నామో దాన్నే పాడుచేస్తుంది. అందుకే 'అన్నం తిన్నాకే గుళిక' అని డాక్టరు గారు ప్రతి తలుపుకీ అంటించారు."

"ఆయనే తీసుకుని ఉంటే?"

"తిన్నాకే తీసుకునేవారు. అసలు తీసుకోరు. పరీక్ష చేసేవాడు పరీక్షలో కూచోకూడదంటారు."

"టీలో ఎవరైనా కలిపితే రుచి తెలిసిపోదూ?"

మియెన్ కాసేపు ఆలోచించింది. "తెలియాలి. కానీ రెండు వారాల నుంచి నోరంతా చేదుగా ఉంటోందని ఆయనే అంటున్నారు. నోరే చేదైతే టీ చేదుని ఎవరు పట్టించుకుంటారు?"

"ఇక్కడ టీ తాగుతారా ఆయన?"

"తాగరు. నేను కొత్తగా చేరినప్పుడు ఆయన టీ కాచుకునే మట్టి కూజాని సబ్బుపెట్టి తోమాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళుగా పట్టిన టీ పూతంతా పోగొట్టానని ఇక్కడ తాగడమే మానేసి, ఇంట్లో ఉన్న ఇంకో పాత కూజాలోనే తాగుతున్నారు."

"ఇప్పటికైనా బుద్ధొచ్చిందా?"

"ఇప్పుడైనా తోమేస్తాను. మురికి మురికే కదక్కా."

మా ఊళ్ళో ఈ ఒక్క మాట చాలు, మనిషిని పొలిమేర దాటించడానికి. నాకు మాత్రం అదే మాట పనికొచ్చింది. ఎలా పనికొస్తుందో అప్పటికి తెలియలేదు.

*

థాక్ ఇంటి వరండాలో మేజర్ బాంగ్ అప్పటికే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చేతిలో వీధిలో కొన్న కాఫీ, అందులో సగం తీపి పాలు. టీ ఇంటికి కాఫీ పట్టుకువచ్చిన మనిషిని థాక్ భార్య న్యాన్ ఏమీ అనలేదు. ఆయన ముందు పల్లీ చిక్కీ పళ్ళెం పెట్టి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. న్యాన్‌కు యాభై దాటాయి. టీ తోటల్లో పుట్టి పెరిగిన మనిషి. రెండు రాత్రులుగా నిద్ర లేనట్టు కళ్ళు లోపలికి పోయాయి.

"రండి కాప్టెన్ గారూ" అన్నాడు బాంగ్. "ప్రయోగశాలలో ఎలుకల వాంగ్మూలం తీసుకున్నారా?"

"తీసుకున్నాను. మీకన్నా ఎక్కువే మాట్లాడాయి."

"నా దగ్గర ఎలుకలకు తెలియనిదొకటి ఉంది." కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "మీ డాక్టరు రెండు నెలల క్రితం హనోయ్ వచ్చి స్కాన్ తీయించుకున్నాడు. ఆయన కాలేయంలోనే గడ్డ ఉంది."

ఇది నాకు తెలియదు. ఒప్పుకోవడానికి మనసొప్పకపోయినా, బాంగ్ తన పని చేశాడు. నేను న్యాన్ వైపు చూశాను. ఆమె చెక్కుచెదరలేదు.

"మీకు తెలుసా అక్కా?"

"తెలుసమ్మా. నాకొక్కదానికే చెప్పారు."

"ఇంకేం కావాలి?" అన్నాడు బాంగ్. "చావు భయం పట్టుకుంది. మందు చేతిలో ఉంది. మనిషన్నవాడు ఏం చేస్తాడు? మింగుతాడు. మోతాదు మించింది, కాలేయం పోయింది. ఈ పదార్థం మనుషులకి పనికిరాదని ఆయన ఒంటితోనే రుజువైంది. మధ్యాహ్నం నివేదిక పంపుతాను. సోమవారం ఉండదు."

నాకు భయమేసింది. ఈ ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో దొంగల్ని చూసి వేసిన భయం కాదిది. సోమవారం కోసం అన్నయ్య ఎదురుచూస్తున్నాడు. ఆ గుళిక గడ్డని తీసేయదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఊపిరితిత్తులకు పాకేలోపు కొంచెం వ్యవధి దొరికినా, కొడుకు పెళ్ళి చూసి పోతానంటాడు. అన్నయ్య కోసం కేసును వంచకూడదని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. వంచకుండానే సోమవారాన్ని నిలబెట్టగలనా అన్నదే ప్రశ్న.

టీ బల్ల దగ్గరికి వెళ్ళాను. వెదురు పళ్ళెంలో చిన్న ఎర్రమట్టి కూజా బోర్లించి ఉంది. పక్కన వేలెడంత కప్పులు నాలుగు. థాక్ రోజూ చీకటితోనే లేచి, ఇంకా ఏమీ తినకముందే, ఇక్కడ ఒక్కడే కూర్చుని టీ పోసుకునేవాడని వీధి వీధంతటికీ తెలుసు. మా పెద్దవాళ్ళు సగంమంది అంతే. లైటు కూడా వేయరు.

"కూజా ఎవరు కడిగారు?"

"నేనే" అంది న్యాన్. "ఆయన్ని తీసుకెళ్ళాక వేడినీళ్ళతో తొలిచి బోర్లించాను. అంతే."

"సబ్బు?"

"అయ్యో, కూజాకి సబ్బు పెడతారా ఎవరైనా?"

"కాసిని మరిగే నీళ్ళు ఇప్పించండి."

బాంగ్ వెనక్కి ఆనుకున్నాడు. "అర్థమైంది. టీ కూజాలో టీ పదార్థం ఉందని కనిపెట్టబోతున్నారు. రేపు చేపల బుట్టలో చేపల కంపు కూడా కనిపెట్టండి, పతకం ఇప్పిస్తాను."

"పతకం సంగతి తర్వాత. ముందు మీరు సాక్షిగా కూచోండి."

మా దగ్గర పాత కూజా కొనేవాడు బేరానికి ముందు ఒక పని చేస్తాడు. ఆకు వేయకుండా ఉత్త మరిగే నీళ్ళు పోసి, మూతపెట్టి, కాసేపాగి వాసన చూస్తాడు. ఏళ్ళ తరబడి టీ తాగిన మట్టి ఆ వాసనను తిరిగి ఇస్తుంది. నీళ్ళు కొద్దిగా తియ్యగా కూడా ఉంటాయి. అలా రాకపోతే అమ్మేవాడు అబద్ధమాడుతున్నట్టు.

నీళ్ళు పోశాను. ఆగాను. రెండు కప్పుల్లోకి వంచాను. వాసన ఉండీ లేనట్టుంది. నాలుక చివర పెట్టుకున్నాను. తీపి ఊసే లేదు. నాలుకా బుగ్గలూ ఒక్కసారిగా బిగుసుకుపోయేంత వగరు.

"తీసుకోండి సార్. కొంచెమే."

బాంగ్ నవ్వుతూ గుటకేశాడు. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. కాఫీ గ్లాసు అందుకుని ఉన్నదంతా తాగేశాడు.

"టీ అంటే చేదేగా" అన్నాడు చివరికి.

"చేదూ ఉంటుంది, వాసనా ఉంటుంది, ఆ వెనకే తీపీ ఉంటుంది. ఇది ఆకు రుచి కాదు. ఆకులోంచి ఒక్క ముక్క విడదీసి తెచ్చిన రుచి. తొలిచాక కూడా ఇంత మిగిలిందంటే అడుగున రోజూ ఎంత పడి ఉండాలి?"

"ఆయనే వేసుకుని ఉంటాడు."

"మందు తీసుకోదలిచినవాడు గుళిక నోట్లో వేసుకుని నీళ్ళు తాగుతాడు. అన్నం తిన్నాకే మింగాలని తలుపు తలుపుకీ అంటించిన మనిషి, ఏమీ తినకముందు తాగే కూజాలో తన మీద తానే దొంగచాటుగా పొడి వేసుకుంటాడా? ఇంకెవరో వేశారు సార్. ఆయనకు తెలియకుండా."

బాంగ్ తెలివితక్కువవాడేం కాదు. ఒక్క నిమిషంలో రెండో దారి పట్టాడు. "అయితే ఆ పిల్ల. తాళంచెవి ఉన్నది దాని దగ్గర. నువ్వు పొద్దున్న మాట్లాడింది కూడా దానితోనే. పొడి తగ్గింది కదూ?"

'గారు' పోయి 'నువ్వు' వచ్చిందంటే మనిషికి తగలవలసిన చోట తగిలిందన్నమాట.

"తగ్గింది. అయినా మియెన్ కాదు. ఆ పిల్ల ఏ పాత్రనైనా సబ్బుతో తోమందే నిద్రపోదు. తనే విషం పెట్టి ఉంటే ఈ కూజా ఇప్పుడు ఆస్పత్రి గిన్నెలా మెరిసేది. మీకూ నాకూ ఒక్క చుక్క వగరు కూడా దొరికేది కాదు."

"సబ్బు పెట్టలేదన్నది సాక్ష్యమా?"

"కాదు. కూజా సాక్ష్యం. మీ చేతుల్తో మీరే తీసుకెళ్ళండి. మీ మనుషులతోనే పరీక్ష చేయించండి. టీ ఆకు అయితే కెఫీన్ కూడా దాని పాలు అది ఉంటుంది. ఆ పొడైతే ఉండదు. కెఫీన్ సరిపడా ఉందనుకోండి, మీ నివేదిక కింద నేనూ సంతకం పెడతాను."

ఆయన కూజాని తిప్పి తిప్పి చూశాడు. నన్నూ చూశాడు. "ఒంటిగంట దాకా ఆగుతాను. ఆ తర్వాత నీ వేడినీళ్ళ కథలు నాకు చెప్పొద్దు" అని, కూజాని సంచీలో పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

నిజానికి నాకు కూజా పరీక్ష కన్నా ముందు ఆయన అక్కడినుంచి కదలడం కావాలి.

*

బాంగ్ జీపు వీధి మలుపు తిరిగేదాకా న్యాన్ గుమ్మంలోనే నిలబడింది. నేను మెట్టు మీద కూర్చున్నాను. పక్కన కూర్చోమన్నట్టు చేత్తో తట్టాను. వచ్చి కూర్చుంది.

"తాళంచెవి ఎక్కడ పెడతారు అక్కా, బావగారు?"

"పూర్వీకుల పీఠం పక్కన మేకుకి."

"మధ్యాహ్నం కారియర్ పట్టుకుని రోజూ పరిశోధనాలయానికి వెళ్ళేది మీరేగా."

"నేనే."

"నేను చెప్పనా, మీరే చెప్తారా?"

ఆమె ఏడవలేదు. ఇంతసేపూ ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నట్టు మొదలుపెట్టింది.

"స్కాన్ కాగితం చూపించిన రోజే కాళ్ళ మీద పడ్డాను. మీ చేతిలోనే ఉంది కదా, ఒక్క చెంచా తీసుకోండి అన్నాను. వినలేదు. 'నేను తింటే రేపు ఫలితం ఎవరు నమ్ముతారు? డాక్టరు తనకోసం వండుకున్నాడంటారు' అన్నారు. ఇరవైమందికి అందాక అప్పుడు చూద్దామన్నారు. వాళ్ళ తర్వాత ఈయన వంతు వచ్చేసరికి నాకు మనిషి మిగుల్తాడా చెల్లీ?"

"అందుకని కూజాలో వేశారు."

"చీకటితో ఆయన లేచే లోపు. ఆకు కింద అడుగున వేస్తే తెలియదు. మొదటి నీళ్ళు పారబోస్తారు కదా, అందులో సగం పోతుందని లెక్కేసి ఒకటికి రెండు చెంచాలు వేశాను."

టీ తాగే ఏ ఇంట్లోనైనా మొదటి నీళ్ళు ఆకుని కడగడానికే పోసి పారేస్తారు. ఆ పారబోసే సగం కోసం ఈ ఇల్లాలు రెట్టింపు వేసింది. పొడి మాత్రం కూజా అడుగునే అతుక్కుని, ఏం పోకుండా, రెండో పోతలో మొత్తం ఆయన కప్పులోకి దిగింది.

"అన్నం తిన్నాక వేయొచ్చు కదక్కా. ఆ మాట ఊరంతటికీ తెలుసే."

"గుళికల గురించి తెలుసమ్మా. గుళికంటే ఫ్యాక్టరీ సరుకు, కడుపులో మండుతుందేమో అనుకున్నాను. ఇది ఆకేగా. మా అమ్మ ఏ ఆకు మందిచ్చినా పరగడుపునే ఇచ్చేది. అన్నం మీద పడితే మందు అన్నానికే పోతుందనేది." కొంగులా భుజం మీద వేసుకున్న తువ్వాలును మెలితిప్పింది. "నోరు చేదుగా ఉందంటుంటే మందు పనిచేస్తోందని మురిసిపోయాను. నా చేత్తో నేనే ఆయన్ని తీసుకెళ్ళి ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టాను."

నాకు ఆమెను బంధించాలన్న ఆలోచనే రాలేదు. జాలి కలిగింది. దాని వెనకే, సిగ్గులేకుండా చెప్తున్నాను, ఊరట కూడా కలిగింది. పొడి తప్పు కాదు, తీసుకున్న తీరు తప్పు. ఈ మాట బాంగ్ మొహాన పెడితే సోమవారం నిలబడుతుంది. అన్నయ్య వంతు నిలబడుతుంది.

అప్పుడే డబ్బా గుర్తొచ్చింది. మియెన్ సగం లేదంది. రోజుకు రెండు చెంచాల చొప్పున రెండు వారాలకు అందులో పావు కూడా అవదు.

"మిగతా పొడి ఏది అక్కా?"

న్యాన్ తల దించుకుంది.

"ఎవరికైనా ఇచ్చారా?"

"కారియర్ పట్టుకుని వెళ్ళేటప్పుడు రోజూ గేటు దగ్గర కనిపిస్తారు చెల్లీ. వాళ్ళ మొహాలు చూసి నా మొగుడికి మాత్రం పెట్టుకోలేకపోయాను. ముగ్గురికి ఇచ్చాను."

"ఎలా తాగమని చెప్పారు?"

"నేను ఎలా పోశానో అలాగే. తెల్లారకముందు. పరగడుపున."

"పేర్లు చెప్పండి."

"తీ అవ్వ, బజారు వెనక ఉంటుంది. ఆవిడ మావారితోపాటే మొదలుపెట్టింది. ఇంకొకరు వ్యాను నడిపే ఖొవాత్." అక్కడ ఆగింది. నా చెయ్యి పట్టుకుంది. "మూడో ఆయన నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. మా చెల్లెలు పోలీసు, తెలిస్తే ఊరుకోదు అన్నాడు."

నేను చెయ్యి విడిపించుకున్నాను. ఫోను తీసి అన్నయ్యకు చేశాను.

"ఏంటే, డ్యూటీలో లేవా?" అన్నాడు హోయ్. గొంతు హుషారుగానే ఉంది.

"న్యాన్ అక్క ఇచ్చిన పొడి తాగుతున్నావా?"

"చెప్పేసిందా?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిది రోజులు."

"నీ పేరు జాబితాలోనే ఉంది కదరా. సోమవారం దాకా ఆగలేకపోయావా?"

"ఇరవైమందిలో పదిమందికి ఉత్త పిండి గుళికలేనంట. పోల్చి చూడ్డానికంట. నాకు పిండి వస్తే? నా ప్రాణం పెట్టి చీట్లపేక ఆడమంటావా?"

"అన్నయ్యా, విను. అది తాగే డాక్టరు గారికి కాలేయం పోయింది. ఖాళీ కడుపున తాగకూడదు. ఇప్పుడే ఆపేయ్. ఆస్పత్రికి తీసుకెళ్తాను."

"ఆస్పత్రికెళ్తే రాసుకుంటారు. రాసుకుంటే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. నీకూ న్యాన్‌కీ తప్ప ఎవరికీ తెలీదు కదా. ఊరుకోవే. నీకు పుణ్యముంటుంది."

"నేను వస్తున్నాను. ఆ పొడి తీసుకుపోతాను."

"రా. చూద్దాం" అని పెట్టేశాడు.

చిన్నప్పటి నుంచీ వాడు 'చూద్దాం' అన్నాడంటే నా మాట వినడని అర్థం. మెట్టు మీదే నిలబడి ఆలోచించాను. ఊరుకోవచ్చు. అన్నయ్యను ఒక్కణ్ణే గుట్టుగా చూపించుకోవచ్చు, మిగతా ఇద్దరికీ ఏదో సాకు చెప్పి పొడి మాన్పించవచ్చు. అప్పుడు వాడి పేరు సోమవారం జాబితాలో ఉంటుంది. కానీ తీ అవ్వ థాక్‌తోపాటే మొదలుపెట్టింది. థాక్ ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలుసు.

మేజర్ బాంగ్‌కు ఫోన్ చేశాను. న్యాన్ సంగతి, రెండు చెంచాల సంగతి, ముగ్గురి సంగతి వరసగా చెప్పాను. ఆయన మధ్యలో అడ్డురాలేదు. పేర్లు రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"మూడో పేరు దో హోయ్ అన్నారు. మీ ఇంటిపేరే."

"మా అన్నయ్య."

వెక్కిరిస్తాడనుకున్నాను. వెక్కిరించలేదు.

"నివేదిక ఆపుతున్నాను" అన్నాడు. "ఆస్పత్రిలో ఇప్పుడు ఒక్క అంబులెన్సే ఉంది. రెండోది కొండదారిలో ఉంది, వచ్చేసరికి టైము పడుతుంది. ముందు ఎవరింటికి పంపమంటారు?"

"తీ అవ్వ ఇంటికి. ఆమెది అందరికన్నా ఎక్కువ రోజులు."

"ఖాయమేనా కాప్టెన్ గారూ?"

"ఖాయమే. అన్నయ్య దగ్గరికి నేను వెళ్తాను."

అంబులెన్స్ బయల్దేరిందని ఆయన చెప్పేదాకా ఫోను పెట్టలేదు. తర్వాత బండి దగ్గరికి వెళ్ళాను. తాళం పెట్టబోతుంటే ఫోను మోగింది. మా వదిన.

"లువా, మీ అన్నయ్యతో ఏమన్నావే?"

"ఏమైంది వదినా?"

"నువ్వొచ్చి లాక్కుపోతావన్నాడు. ఈలోపే మిగిలిన పొడంతా గిన్నెలో కలిపి ఒక్క గుక్కలో తాగేశాడు. నేను స్నానాల గదిలో ఉన్నాను, చూడలేదు. పొద్దున్నించి ఒక్క మెతుకు కూడా ముట్టలేదు ఈ మనిషి."